ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రాక్సీ అమరిక

ఆండ్రాయిడ్ ఫోను, ట్యాబ్ లేదా టీవీ ఇంటర్నెట్‌ను నేరుగా కాకుండా మధ్యలో ఉన్న మరో కంప్యూటరు ద్వారా అందుకునేలా చేసే ఏర్పాటును ప్రాక్సీ అమరిక అంటారు. ఆ మధ్య కంప్యూటరు పేరు ప్రాక్సీ సర్వరు. కాలేజీలు, ఆఫీసులు, గ్రంథాలయాలు, నెట్ సెంటర్లు దీన్ని వాడతాయి. ఒకే లైనును పలువురికి పంచడం, కొన్ని సైట్లను ఆపడం, ఎవరు ఎప్పుడు ఏ సైటుకు వెళ్లారో నమోదు చేసుకోవడం దీని ప్రధాన ఉపయోగాలు. ఇంట్లో మొబైల్ డేటా గానీ ఫైబర్ కనెక్షన్ గానీ వాడుకునేవారికి సాధారణంగా దీని అవసరం రాదు.

ఆండ్రాయిడ్‌లో ఈ అమరికది ఒక ప్రత్యేక స్వభావం. ప్రాక్సీ చిరునామాను ఫోను యాప్‌లకు తెలియజేస్తుంది, అంతే. పాటించి తీరాలని పట్టుబట్టదు. క్రోమ్ లాంటి బ్రౌజర్లు పాటిస్తాయి, కొన్ని యాప్‌లు పట్టించుకోవు. వాడేవారికి ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుడతాయి.

పని చేసే తీరు

ప్రాక్సీ లేనప్పుడు ఫోనులోని బ్రౌజరు తనకు కావలసిన సైటు సర్వరుతో తానే మాట్లాడుతుంది. ప్రాక్సీ పెట్టినప్పుడు ఆ కోరికను ప్రాక్సీకి అందిస్తుంది. ప్రాక్సీ దాన్ని తన తరఫున సైటుకు పంపి, వచ్చిన జవాబును ఫోనుకు తెచ్చిస్తుంది. నంద్యాల జిల్లాలోని కోయిలకుంట్ల నుంచి నంద్యాల పట్టణానికి వెళ్లే మనిషి చేతికి చీటీ ఇచ్చి సరుకు తెప్పించుకోవడం లాంటిదిది. దుకాణదారుకు కనిపించేది వచ్చిన మనిషే, చీటీ రాసినవారు కాదు. అందుకే ప్రాక్సీ వెనుక ఉన్న వంద ఫోన్లూ బయటి సైటుకు ఒకే ఐపీ చిరునామాతో కనిపిస్తాయి.

హెచ్‌టీటీపీ సైటు విషయంలో ప్రాక్సీ పేజీ మొత్తాన్ని చదవగలదు. హెచ్‌టీటీపీఎస్ సైటు అయితే బ్రౌజరు ముందుగా కనెక్ట్ అనే ఆదేశం పంపి, ఫలానా సైటుకు దారి తెరవమని అడుగుతుంది. దారి తెరిచాక లోపల పోయేదంతా గుప్తంగా ఉంటుంది. ప్రాక్సీకి సైటు పేరు, సమయం, ఎంత డేటా నడిచింది అన్నవే తెలుస్తాయి. పాస్‌వర్డు, సందేశం, బ్యాంకు వివరం తెలియవు.

ప్రాక్సీని గుర్తించడానికి రెండు వివరాలు చాలు: హోస్ట్ పేరు లేదా ఐపీ చిరునామా, పోర్టు సంఖ్య. సంస్థల లోపలి చిరునామాలు సాధారణంగా 10, 172.16 నుంచి 172.31 వరకు, 192.168 అంకెలతో మొదలవుతాయి. పోర్టుల్లో 8080, 3128 ఎక్కువగా కనిపిస్తాయి. 3128 అనేది స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ ముందుగానే పెట్టుకుని వచ్చే పోర్టు. సాక్స్ అనే మరో రకం ప్రాక్సీకి 1080 వాడుక. ఆండ్రాయిడ్ వైఫై సెట్టింగ్స్‌లో నింపేది హెచ్‌టీటీపీ ప్రాక్సీని మాత్రమే. సాక్స్ ప్రాక్సీ కావాలంటే ఆ సదుపాయం ఉన్న యాప్‌లోనే పెట్టుకోవాలి.

చరిత్ర

వెబ్ ప్రాక్సీకి తొలి రూపం ఐరోపాలోని సెర్న్ పరిశోధన సంస్థ వెబ్ సర్వరులో ఏర్పడింది. ఆరీ లుఒటోనెన్, కెవిన్ ఆల్టిస్ 1994లో దాన్ని వివరిస్తూ పత్రం సమర్పించారు. ఫైర్‌వాల్ వెనుక ఉన్నవారికి వెబ్ అందించడం, ఒకసారి తెచ్చిన పేజీని దాచి మళ్లీ అడిగినవారికి అక్కడి నుంచే ఇవ్వడం అప్పటి లక్ష్యాలు. 1996లో స్క్విడ్ వచ్చింది. అదే ఏడాది నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0తో, ఏ సైటుకు ఏ ప్రాక్సీ వాడాలో చెప్పే ఆటో కాన్ఫిగరేషన్ ఫైలు వాడుకలోకి వచ్చింది.

మన దేశంలో మామూలు జనం ప్రాక్సీ అంకెలను మొదట చూసింది జీపీఆర్ఎస్ రోజుల్లో, బటన్ ఫోన్ల మీద. ఎయిర్‌టెల్ లైవ్ సేవకు 100.1.200.99 అనే చిరునామా, 8080 పోర్టు నింపాల్సి వచ్చేది. కంపెనీ పంపే సెట్టింగ్స్ మెసేజీ రాకపోతే సెల్ షాపుకు వెళ్లి రాయించుకునేవారు. ఆ ప్రాక్సీలు చిన్న తెరకు తగిన పేజీలను, పాటలను, రింగుటోన్లను అందించే ద్వారాలుగా పనిచేసేవి. 2006లో ప్రపంచమంతటా విడుదలైన ఒపేరా మినీ మరో దారి పట్టింది. పేజీని తన సర్వర్లలోనే కుదించి ఫోనుకు పంపేది. వాడేవారు ఏ అంకె నింపనక్కర్లేని ప్రాక్సీ అది. క్రోమ్‌లోని డేటా సేవర్ కూడా ఇదే పద్ధతిలో నడిచి 2022లో ఆగిపోయింది.

తొలి ఆండ్రాయిడ్ ఫోను 2008లో వచ్చినా, ఒక్కో వైఫైకి విడిగా ప్రాక్సీ పెట్టుకునే సౌకర్యం 2011లో ట్యాబ్‌ల కోసం వచ్చిన 3.1 వెర్షన్‌తోనే దక్కింది. ఫోన్లకు అది 4.0తో చేరింది. 2014 నాటి 5.0 వెర్షన్‌తో ఆటో కాన్ఫిగరేషన్ వాడుకలోకి వచ్చింది. ఆండ్రాయిడ్ మెనూలు తెలుగులో కనిపించడం మొదలైందీ ఆ వెర్షన్‌తోనే.

వైఫైలో అమర్చే విధానం

కంపెనీని బట్టి మెనూల పేర్లు కొద్దిగా మారినా క్రమం ఒక్కటే. సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి, కలిసిన నెట్‌వర్క్ పేరు పక్కనున్న గేర్ గుర్తు లేదా బాణం గుర్తు నొక్కాలి. పిక్సెల్ ఫోన్లలో పైన పెన్సిల్ గుర్తు, ఆపైన అధునాతన ఎంపికలు వస్తాయి. శాంసంగ్‌లో మరిన్ని వివరాలు చూసే వరుస కింద ఉంటుంది. రెడ్‌మీలో అదే పేజీలో కిందికి జరిపితే కనిపిస్తుంది. అక్కడ ప్రాక్సీ అనే వరుసలో మూడు ఎంపికలు ఉంటాయి: ఏదీ లేదు, మాన్యువల్, ఆటో కాన్ఫిగరేషన్.

మాన్యువల్ ఎంచుకోగానే ఆండ్రాయిడ్ ఒక హెచ్చరిక చూపుతుంది. ఈ ప్రాక్సీని బ్రౌజరు వాడుతుందనీ, ఇతర యాప్‌లు వాడకపోవచ్చనీ దాని సారాంశం. ఆ కింద మూడు గడులు ఉంటాయి.

మొదటి గడిలో హోస్ట్ పేరు. ఇక్కడ ముందు హెచ్‌టీటీపీ అనీ, చివర గీత అనీ చేర్చకూడదు. ఉత్త పేరు లేదా అంకెలు మాత్రమే రాయాలి. రెండో గడిలో పోర్టు. చిరునామా చివర కోలన్ పెట్టి పోర్టును కూడా మొదటి గడిలోనే రాసేయడం చాలామంది చేసే తప్పు. మూడో గడి ప్రాక్సీని దాటేయాల్సిన చిరునామాల జాబితా. పేర్ల మధ్య కామా పెట్టాలి. కాలేజీ సొంత సర్వరులో పాఠాలు, పరీక్షల పేజీలు ఉంటే వాటి చిరునామా ఇక్కడ చేర్చాలి. లేకపోతే పక్క గదిలోని సర్వరు కోసం కూడా ఫోను ప్రాక్సీ దగ్గరికే పరిగెడుతుంది, కొన్నిచోట్ల ప్రాక్సీ దాన్ని తిప్పికొడుతుంది.

ఒక ఉదాహరణ. ఒక కంప్యూటర్ ల్యాబ్ ప్రాక్సీ 192.168.1.10 వద్ద 3128 పోర్టు మీద నడుస్తోందనీ, పాఠాల సర్వరు 192.168.1.20 అనీ అనుకుందాం. మొదటి గడిలో 192.168.1.10, రెండో గడిలో 3128, మూడో గడిలో 192.168.1.20 రాసి సేవ్ చేయాలి. పక్కనే కనిపించే ఐపీ సెట్టింగ్స్‌ను డీహెచ్‌సీపీగానే వదిలేయాలి. ప్రాక్సీ చిరునామాను ఫోను సొంత ఐపీగా నింపితే రెండు యంత్రాలు ఒకే చిరునామా కోసం తగువులాడి ల్యాబ్ మొత్తానికి నెట్ ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఈ అమరిక ఆ ఒక్క వైఫైకే పరిమితం. ఇంటి వైఫైకి మారితే, మొబైల్ డేటాకు మారితే వర్తించదు. మళ్లీ ల్యాబ్‌కు వస్తే తనంతట తానే అమలులోకి వస్తుంది. నెట్‌వర్క్‌ను మరచిపో అని చెబితే ప్రాక్సీ వివరాలు కూడా చెరిగిపోతాయి.

ఆటో కాన్ఫిగరేషన్

పెద్ద సంస్థల్లో ఒకటికి మించి ప్రాక్సీలు ఉంటాయి. ఏ సైటుకు ఏది వాడాలో చెప్పే చిన్న జావాస్క్రిప్ట్ ఫైలును సంస్థ తన సర్వరులో ఉంచుతుంది. దీన్ని ప్యాక్ ఫైలు అంటారు. ఫోనులో ఆ ఫైలు చిరునామా ఒక్కటే నింపాలి, ఈసారి పూర్తి వెబ్ చిరునామాగా. ఫైలులో ఒకే ప్రధాన ఫంక్షన్ ఉంటుంది. సైటు పేరు ఇస్తే ఫలానా ప్రాక్సీ ద్వారా వెళ్లమనో, నేరుగా వెళ్లమనో జవాబిస్తుంది. మొదటి ప్రాక్సీ పలకకపోతే రెండోది, అదీ పలకకపోతే నేరుగా అని వరుస కూడా ఇవ్వవచ్చు.

ప్యాక్ ఫైలును చదివే తెలివి లేని యాప్‌ల కోసం ఆండ్రాయిడ్ ఫోను లోపలే ఒక చిన్న ప్రాక్సీని నడుపుతుంది. యాప్ దానికి చెబితే, అది ఫైలు చూసి దారి తేలుస్తుంది. సర్వరు మారినప్పుడు సంస్థ ఒక్క ఫైలును దిద్దితే చాలు. వందల ఫోన్లలో అంకెలు మార్చే పని తప్పుతుంది.

మొబైల్ డేటా, ఏపీఎన్

మొబైల్ డేటాకు వైఫైలో ఉన్నట్టు ప్రాక్సీ పేజీ ఉండదు. సిమ్ సెట్టింగ్స్‌లోని యాక్సెస్ పాయింట్ పేర్లు, అంటే ఏపీఎన్, అనే జాబితాలో ప్రాక్సీ, పోర్టు అనే గడులు కనిపిస్తాయి. ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్.కామ్, జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్ అన్నవి తెలిసిన ఏపీఎన్ పేర్లు. నేటి 4జీ, 5జీ డేటాకు ఈ ప్రాక్సీ గడులు ఖాళీగానే ఉండాలి. ఎంఎంఎస్ ప్రాక్సీ అనే గడి వేరు. అది ఫొటో సందేశాలకు మాత్రమే.

పాత సెల్ షాపు చిట్కాలను చూసి జీపీఆర్ఎస్ నాటి అంకెలను ఇక్కడ నింపితే డేటా పూర్తిగా ఆగిపోవచ్చు. ఏపీఎన్ పేజీ మెనూలో డిఫాల్ట్‌కు మార్చే ఎంపిక నొక్కితే కంపెనీ విలువలు తిరిగి వస్తాయి.

పాటించే యాప్‌లు, పాటించనివి

క్రోమ్, ఫోనులోని వెబ్‌వ్యూ, ఆండ్రాయిడ్ సొంత నెట్‌వర్క్ లైబ్రరీలతో రాసిన యాప్‌లు ప్రాక్సీని చూసుకుంటాయి. సొంత పద్ధతిలో కనెక్షన్ తెరిచే ఆటలు, కాల్ యాప్‌లు చూసుకోవు. పైగా హెచ్‌టీటీపీ ప్రాక్సీ టీసీపీ కనెక్షన్లనే మోస్తుంది. వీడియో కాల్ ఎక్కువగా నడిచేది యూడీపీ మీద. అందుకే కాల్ ప్రాక్సీని తప్పించుకుని వెళ్తుంది, ఫైర్‌వాల్ ఆపితే అసలు వెళ్లదు. సంస్థ తన ఫోన్లన్నిటికీ ఒకే ప్రాక్సీ పెట్టడానికి ఆండ్రాయిడ్ ఇచ్చిన ఆదేశం పేరులోనే సిఫారసు అన్న మాట ఉంది. కొన్ని యాప్‌లు దాన్ని పట్టించుకోకపోవచ్చని గూగుల్ పత్రాలే చెబుతాయి.

కొన్ని యాప్‌లు తమలోనే ప్రాక్సీ గడి పెట్టుకున్నాయి. టెలిగ్రామ్‌లో ఇది ఉంది. వాట్సాప్ 2023 జనవరిలో చేర్చింది. అక్కడ నింపిన చిరునామా ఆ యాప్‌కే వర్తిస్తుంది.

ఈ తేడా తెలిస్తే లోపాన్ని కనిపెట్టడం తేలిక. వాట్సాప్ సందేశాలు వస్తున్నాయి, క్రోమ్‌లో మాత్రం ఏ పేజీ తెరుచుకోవడం లేదంటే, ఫోనులో పాత ప్రాక్సీ అంకె మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. క్రోమ్ బాగా తెరుచుకుంటోంది, ఇతర యాప్‌లు కదలడం లేదంటే, ఆ నెట్‌వర్క్ ప్రాక్సీ దారిని మాత్రమే వదిలి మిగతా దారులు మూసిందని అర్థం. మొదటిది ఫోనులో సరిచేయాల్సిన లోపం. రెండోది ల్యాబ్ నిర్వాహకుల చేతిలో పని.

పేరు, పాస్‌వర్డు, సర్టిఫికెట్

కొన్ని ప్రాక్సీలు యూజర్ పేరు, పాస్‌వర్డు అడుగుతాయి. ఆండ్రాయిడ్ వైఫై పేజీలో వాటికి గడి లేదు. బ్రౌజరు తెరిచినప్పుడు 407 అనే సంకేతం వచ్చి చిన్న పెట్టె కనిపిస్తుంది, అక్కడే నింపాలి. అలాంటి పెట్టె చూపలేని యాప్‌లు నెట్ లేదని చెప్పి ఊరుకుంటాయి.

హెచ్‌టీటీపీఎస్ లోపలి విషయం కూడా చూడాలనుకునే సంస్థలు తమ సర్టిఫికెట్‌ను ఫోనులో ఎక్కించమంటాయి. అప్పుడు ప్రాక్సీ మధ్యలో గుప్తతను విప్పి మళ్లీ కట్టగలదు. 2016 నాటి ఆండ్రాయిడ్ 7.0 నుంచి యాప్‌లు మామూలుగా, వాడేవారు ఎక్కించిన సర్టిఫికెట్లను నమ్మడం మానేశాయి. బ్యాంకు యాప్‌లు ఇంకా కఠినంగా ఉంటాయి. సొంత ఫోనులో ఇలాంటి సర్టిఫికెట్ ఎక్కించే ముందు దాని పర్యవసానం తెలుసుకోవడం అవసరం. అది ఉన్నంతకాలం ఆ ప్రాక్సీ ద్వారా బ్రౌజరులో రాసేదంతా ఆ సంస్థ చూడగలదు.

తెలుగు నేలపై వాడుక

క్యాంపస్ ప్రాక్సీకి తెలుగు నేలపై బాగా తెలిసిన ఉదాహరణ హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ. 1998లో మొదలైన ఆ సంస్థలో ప్రాక్సీ.ఐఐఐటీ.ఏసీ.ఇన్ అనే సర్వరు, 8080 పోర్టు విద్యార్థులకు చిరపరిచితంగా ఉండేవి.

క్యాంపస్‌ల బయట, చిన్న ఊళ్లలో సంగతి వేరు. పైన ఉదాహరణలో వచ్చిన కోయిలకుంట్ల నంద్యాల జిల్లాలోని మండల కేంద్రం.   ఇలాంటి ఊళ్లలో నెట్ అంటే ముందుగా మొబైల్ డేటాయే. దేశంలోని బ్రాడ్‌బ్యాండ్ చందాదారుల్లో 90 శాతానికి పైగా వైర్‌లెస్ వాడేవారే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆ మొగ్గు మరింత బలపడింది. తీగ ద్వారా వచ్చే కనెక్షన్లలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఫైబర్‌నెట్ ఒకటి. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగిన ఈ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొబైల్ డేటాకూ ఇంటి ఫైబర్‌కూ ప్రాక్సీ గడి ఖాళీగానే ఉండాలి. ఇంటి రూటరు కూడా పలువురి ఫోన్లను ఒకే చిరునామాతో బయటికి పంపుతుంది, అయితే అది నెట్‌వర్క్ స్థాయిలో జరిగే పని కాబట్టి ఫోనులో ఏమీ నింపనక్కర్లేదు.

ఈ ప్రాంత విద్యార్థులకు ప్రాక్సీ ఎదురయ్యేది పై చదువులకు వెళ్లినప్పుడు, లేదా ఉద్యోగంలో చేరినప్పుడు. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, 2015లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీడీఎం, ఇడుపులపాయలో 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ దగ్గరలోని పెద్ద క్యాంపస్‌లు. ఏ క్యాంపస్‌కు వెళ్లినా అక్కడి ఐటీ విభాగం ఇచ్చిన వివరాలే ప్రమాణం.

డిగ్రీ కాలేజీ విద్యార్థులకు ఉపయోగపడే మరో ఏర్పాటు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఎన్‌లిస్ట్. ఇందులో చేరిన కాలేజీల అధ్యాపకులు, విద్యార్థులు తమకిచ్చిన లాగిన్‌తో ఈ-పుస్తకాలను, ఈ-పత్రికలను ఇంటి నుంచే చదవవచ్చు. సభ్యులా కాదా అన్నది ఆ కేంద్రం సర్వర్లు తేల్చుకుంటాయి. ఫోనులో ప్రాక్సీ అంకెలతో పని ఉండదు.

సాధారణ చిక్కులు

వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం వస్తే ఫోను నెట్‌ను పరీక్షించి విఫలమైందని అర్థం. ప్రాక్సీ వరుసలో ఏదీ లేదు అని ఉందో లేదో ముందుగా చూడాలి. క్రోమ్‌లో ప్రాక్సీ కనెక్షన్ విఫలమైందన్న సందేశం వస్తే అంకె తప్పో, సర్వరు ఆగిపోయిందో అయి ఉంటుంది. పక్కవారి ఫోనులో నెట్ వస్తోందా అన్నది చూస్తే రెంటిలో ఏదో తేలుతుంది.

హాస్టల్లో, ఆఫీసులో పరికరాల హార్డ్‌వేర్ చిరునామాను, అంటే మ్యాక్‌ను, నమోదు చేసుకుని మాత్రమే అనుమతించే చోట్ల మరో ఇబ్బంది ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు ప్రతి వైఫైకి ఒక కల్పిత మ్యాక్‌ను చూపుతాయి. అలాంటి చోట గోప్యత వరుసలో ఫోను అసలు మ్యాక్‌ను ఎంచుకోవాలి.

యాప్‌లు పరీక్షించేవారు కంప్యూటరు నుంచి ఏడీబీ అనే సాధనం ఆదేశంతో ఫోను మొత్తానికి ప్రాక్సీ పెడుతుంటారు. అది వైఫై పేజీలో కనిపించదు. తీసేయడం మరిస్తే ప్రతి వైఫైలోనూ నెట్ ఆగుతుంది. అదే ఆదేశానికి కోలన్, సున్నా ఇస్తే తొలగిపోతుంది.

వీపీఎన్, ప్రైవేట్ డీఎన్ఎస్‌లతో తేడా

వీపీఎన్ ఫోనులోని యాప్‌లన్నిటి రాకపోకలనూ గుప్త మార్గంలోకి మళ్లిస్తుంది. యాప్ ఇష్టాయిష్టాలతో దానికి పని లేదు. ప్రాక్సీ తానుగా గుప్తత చేర్చదు. ఆండ్రాయిడ్ 9తో వచ్చిన ప్రైవేట్ డీఎన్ఎస్ సైటు పేరును ఐపీగా మార్చే ప్రశ్నలను మాత్రమే దాస్తుంది. ఈ మూడూ ఒకేసారి నడుస్తుంటే దేనివల్ల నెట్ ఆగిందో తెలుసుకోవడం కష్టం. ఒక్కొక్కటిగా ఆపి చూడాలి.

భద్రత, చట్టం

ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత ప్రాక్సీ జాబితాలు నమ్మదగినవి కావు. నడిపేది ఎవరో తెలియదు, హెచ్‌టీటీపీ పేజీలను వారు చదవగలరు, మార్చగలరు. అపరిచితులు ఫోను చేసి వైఫైలో ఈ అంకెలు నింపమన్నా, ఫలానా సర్టిఫికెట్ ఎక్కించమన్నా ఒప్పుకోకూడదు. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

నెట్ సెంటర్ల విషయంలో చట్టం ప్రాక్సీని పేరుపెట్టి ప్రస్తావించింది. 2011 ఏప్రిల్‌లో కేంద్రం జారీ చేసిన సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం, కేఫ్‌లో చూసిన సైట్ల చరిత్రను, అక్కడి ప్రాక్సీ సర్వరు లాగ్‌లను కనీసం ఒక ఏడాది భద్రపరచాలి. వచ్చినవారి గుర్తింపు వివరాలు రిజిస్టరులో రాసుకోవాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు, వీపీఎన్ సంస్థలు చందాదారుల వివరాలను ఐదేళ్లు ఉంచాలని చెప్పాయి. ప్రాక్సీ వెనుక ఉన్నంత మాత్రాన ఆచూకీ తెలియదనుకోవడం పొరపాటు. సైటుకు తెలియకపోవచ్చు, లాగ్ ఉన్నవారికి తెలుస్తుంది.

ప్రస్తుత స్థితి

సైట్లలో ఎక్కువ భాగం హెచ్‌టీటీపీఎస్‌కు మారడంతో పేజీలను దాచి పంచే పని ప్రాక్సీకి దాదాపు పోయింది. యాప్‌లు దాన్ని పాటించకపోవడంతో నియంత్రణ పని కూడా సన్నగిల్లింది. అందుకే చాలా క్యాంపస్‌లు ఫోనులో ఏ అంకే నింపనక్కర్లేని పద్ధతికి మారాయి. వైఫైలో కలవగానే లాగిన్ పేజీ వస్తుంది, ఆపాల్సినవాటిని నెట్‌వర్క్ ద్వారం దగ్గరి ఫైర్‌వాలే ఆపుతుంది. రైల్వే స్టేషన్లలోని రైల్‌వైర్ వైఫైలోనూ ముందు లాగిన్ పేజీయే వస్తుంది. సంస్థల సొంత నెట్‌వర్కుల్లో, యాప్ పరీక్షల్లో, మెసేజింగ్ యాప్‌ల లోపల మాత్రం ప్రాక్సీ గడులు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. కొత్త చోట చేరినవారు హోస్ట్, పోర్టు, దాటేయాల్సిన చిరునామాలు, లాగిన్ అవసరమా కాదా, సర్టిఫికెట్ ఉందా లేదా అన్న ఐదు వివరాలు ఐటీ విభాగాన్ని అడిగి తెలుసుకుంటే సరిపోతుంది. ఆ వివరాలేవీ ఇవ్వని చోట ప్రాక్సీ గడిని ముట్టుకోనక్కర్లేదు.